వీరేశలింగం చేతిలో ఐరిష్ పెళ్లి నాటకం

ప్రేమ హాస్యనాటకం నడవాలంటే కథానాయిక అవుననో కాదనో చెప్పగలిగే వయసులో ఉండాలి. ఆమె అలగాలి, మనసు మార్చుకోవాలి, పెద్దలు తెచ్చిన సంబంధాన్ని తిప్పికొట్టాలి, చివరికి తనంతట తానే ఒప్పుకోవాలి. కాదనడానికీ అవుననడానికీ మధ్య జరిగే తతంగమంతా చూసే ప్రేక్షకుడు నవ్వుతాడు. పందొమ్మిదో శతాబ్దపు రాజమండ్రిలో, ముఖ్యంగా బ్రాహ్మణ కుటుంబాల్లో, ఆ తతంగానికి చోటే లేదు. పెళ్లికూతురిది పీటల మీదే నిద్రపోయే వయసు. అలాంటి ఊళ్లో ఉంటూ, డబ్లిన్‌లో పుట్టిన రిచర్డ్ బ్రిన్స్‌లీ షెరిడన్ రాసిన రెండు ప్రేమ హాస్యనాటకాలను తెలుగులోకి తెచ్చుకున్న మనిషి కందుకూరి వీరేశలింగం పంతులు.

పంతులుగారి పేరు వినగానే వితంతు వివాహాలు, బాలికల బడి, రాజశేఖర చరిత్రం గుర్తుకొస్తాయి. షెరిడన్‌ను అనుసరించిన రాగమంజరి, కల్యాణ కల్పవల్లి చాలామందికి తట్టవు. నిజానికి ఆయన వీధిలో దేనికోసం కొట్లాడారో, ఈ రెండు నాటకాల్లో నవ్వు పుట్టించేదీ అదే.

కోరంగి పంతులు

వీరేశలింగం 1848 ఏప్రిల్ 16న రాజమండ్రిలో పుట్టారు. నాలుగేళ్లకే తండ్రి సుబ్బారాయుడు పోయారు. తల్లి పున్నమ్మ, పెదనాన్న వెంకటరత్నం పెంచారు. 1861లో, పదమూడేళ్లకే పెళ్లయింది. వధువు బాపమ్మ ఆయనకంటే చిన్నది. ఆమే తర్వాత రాజ్యలక్ష్మిగా తెలుగువాళ్లందరికీ తెలిసింది. ఆ రోజుల పద్ధతిలో పెళ్లికొడుకునూ పెళ్లికూతురినీ ఇష్టాయిష్టాలు అడిగే ఆచారం లేదు. ఈ పెళ్లి అదృష్టవశాత్తూ గొప్ప సహచర్యంగా మారింది. అలా మారని పెళ్లిళ్లు తన చుట్టూ ఎన్ని ఉన్నాయో ఆయన కళ్లారా చూశారు.

చదువు ముగిశాక ఆయన మొదట్లో చేసిన ఉద్యోగాల్లో ఒకటి కోరంగి బడిలో ఉపాధ్యాయుడి పని. కోరంగి ఒకప్పుడు పేరున్న ఓడరేవు. దానికి కొద్ది మైళ్ల దూరంలోనే యానాం ఉంది. మాట తెలుగే, వంటలు తెలుగువే, పెళ్లి తంతులూ తెలుగువే, కానీ ఊరు మాత్రం ఫ్రెంచివాళ్లది. అక్కడ చెల్లే చట్టం ఎనిమిది వందల కిలోమీటర్లకు పైగా దూరంలో ఉన్న పుదుచ్చేరి పట్టణంలోని ఫ్రెంచి గవర్నరు కార్యాలయం నుంచి వచ్చేది. గోదావరి జిల్లావాళ్లకు మరో దేశపు సరిహద్దు అంటే సముద్రాలకు ఆవల ఉండేది కాదు, పక్క ఊరే. ఆ సరిహద్దును పెళ్లిళ్ల కోసం దాటే రోజు కూడా తర్వాత వచ్చింది.

1874లో ధవళేశ్వరంలో ఉంటూ వీరేశలింగం వివేకవర్ధని పత్రిక మొదలుపెట్టారు. అదే ఏడు అక్కడ బాలికల కోసం బడి తెరిచారు. కొద్దికాలానికే వివేకవర్ధనికి తోడుగా హాస్య సంజీవని వచ్చింది. తెలుగులో హాస్యం కోసమే పుట్టిన మొదటి పత్రికగా దానికి పేరు. సంస్కర్తలకు ఉపన్యాసాలు మామూలే, కానీ ఈయన ఉపన్యాసంతో పాటు ప్రహసనాన్నీ చేతిలోకి తీసుకున్నారు. పెద్దయ్యగారి పెళ్లిగా జనానికి తెలిసిన బ్రహ్మవివాహం అలా వచ్చిందే. కాటికి కాళ్లు చాపుకున్న ముసలాయనకు పసిపిల్లను కట్టబెట్టే పెళ్లి అందులో నవ్వులపాలయింది. పురాణంతో, శాస్త్రంతో వాదించే పెద్దమనుషులకు ఎదురువాదం చెప్పడం ఆయనకు చేతనవును. కానీ పదిమంది పగలబడి నవ్విన తర్వాత ఆ పెద్దమనుషులు వీధిలో తలెత్తుకు నడవడం కష్టమని కూడా ఆయనకు తెలుసు.

ఐర్లండ్ నుంచి వచ్చిన కథలు

ఆయనను ఆకట్టుకున్న ఐరిష్ రచయితల్లో షెరిడన్ మొదటివాడు కాడు. అంతకుముందే ఆలివర్ గోల్డ్‌స్మిత్ ఉన్నాడు. ఐర్లండ్‌లో పుట్టి లండన్‌లో కలంతో బతికిన గోల్డ్‌స్మిత్ 1766లో ది వికార్ ఆఫ్ వేక్‌ఫీల్డ్ నవల ప్రచురించాడు. దాని ఛాయలో వీరేశలింగం రాజశేఖర చరిత్రం రాశారు. అది 1878 నుంచి వివేకవర్ధనిలో వరుసగా వచ్చింది, 1880లో పుస్తకమైంది. మూలంలోని పల్లెటూరి మతగురువు స్థానంలో ధవళేశ్వరం బ్రాహ్మణ గృహస్థు వచ్చాడు. కథ ఎంతగా గోదావరి కథ అయిపోయిందంటే, హచిన్సన్ అనే ఆంగ్లేయుడు దాన్ని ఫార్చూన్స్ వీల్ పేరుతో ఇంగ్లీషులోకి మార్చగా 1887లో లండన్‌లో అచ్చయింది. ఐరిష్‌వాడి చేతిలో పుట్టిన కథ తెలుగు వేషంలో అదే లండన్‌కు తిరిగి వెళ్లిందన్నమాట.

నాటకంలోనూ ఆయన దారి అదే. 1880లో ధార్వాడ నాటక సమాజం రాజమండ్రి వచ్చి ప్రదర్శనలిచ్చి వెళ్లింది. ఆ ఊపులో వీరేశలింగం తన విద్యార్థులను కూడగట్టి తెలుగు నాటకాలు ఆడించారు. షేక్‌స్పియర్ కామెడీ ఆఫ్ ఎర్రర్స్‌కు ఆయన చేసిన తెలుగు రూపం చమత్కార రత్నావళి ఆ రోజులదే. ఆధునిక తెలుగు రంగస్థలం లెక్క చాలామంది అక్కడినుంచే మొదలుపెడతారు. అప్పట్లో ఆడవేషాలూ మగపిల్లలే కట్టేవారు. రంగం మీద ప్రేమించే అమ్మాయి లేదు, ఊళ్లోనూ లేదు. అటువంటి చోట ప్రేమ నాటకం రాయాలనుకోవడమే ఒక వింత.

షెరిడన్ సొంత ప్రేమకథ

ఆ వింత ఎందుకు పనికొచ్చిందో తెలియాలంటే షెరిడన్ బతుకులోకి ఒకసారి తొంగిచూడాలి. 1751లో డబ్లిన్‌లో పుట్టిన షెరిడన్‌కు నాటకం ఇంటి విద్య. తండ్రి నటుడు, తల్లి ఫ్రాన్సెస్ రచయిత్రి. కుటుంబం ఇంగ్లండ్‌లోని బాత్ పట్టణానికి చేరాక అక్కడ ఎలిజబెత్ లిన్లీ అనే గాయని పరిచయమైంది. ఆమె గొంతూ అందమూ దేశమంతా చెప్పుకునేవారు. పదహారేళ్ల వయసులో ఆమెకు దాదాపు అరవై ఏళ్ల ధనిక భూస్వామి వాల్టర్ లాంగ్‌తో ఇంట్లోవాళ్లు సంబంధం కుదిర్చారు. ఆ పెళ్లి తప్పిపోయింది. ఆ వ్యవహారం మీద 1771లో లండన్‌లో ఒక నాటకం కూడా ఆడేశారు. ఆ తర్వాత, పెళ్లయిన ఒక సైనికాధికారి ఆమె వెంటపడ్డాడు. 1772లో షెరిడన్ ఆమెను వెంటబెట్టుకుని సముద్రం దాటి ఫ్రాన్స్‌కు పారిపోయాడు. తిరిగొచ్చాక ఆ అధికారితో రెండుసార్లు కత్తియుద్ధం చేశాడు, రెండోదానిలో ప్రాణం మీదికి తెచ్చుకున్నాడు. 1773లో అందరి ఎదుటా పెళ్లయింది.

వాల్టర్ లాంగ్ కథను ఆనాటి గోదావరి జిల్లాలో చెప్పి ఉంటే ఎవరూ ఆశ్చర్యపోయేవారు కాదు. అరవై ఏళ్ల వరుడు అక్కడ వింత కాదు. పదహారేళ్ల వధువు మాత్రం వింతే, ఎందుకంటే ఆ వయసు దాకా ఆడపిల్లకు పెళ్లి చేయకపోవడం ఊహకందని సంగతి.

పెళ్లయిన రెండేళ్లకు, 1775 జనవరి 17న, షెరిడన్ మొదటి నాటకం ది రైవల్స్ కోవెంట్ గార్డెన్‌లో మొదటి ప్రదర్శనలోనే బోల్తా కొట్టింది. నిడివి ఎక్కువైంది, నటులకు సంభాషణలు సరిగా రాలేదు. అందులోని ఐరిష్ పెద్దమనిషి సర్ లూషియస్ ఓ ట్రిగ్గర్ పాత్ర ఐరిష్ జాతికి అవమానమని గోల చేశారు. షెరిడన్ నాటకం ఆపేసి, కోసి, తిరగరాసి, ఆ పాత్రకు నటుణ్ని మార్చి, పదకొండు రోజుల్లో మళ్లీ రంగం మీదికి తెచ్చాడు. ఈసారి గెలిచింది. లూషియస్ ఇప్పుడు కయ్యానికి కాలుదువ్వే, మర్యాద తప్పని, తాను మోసపోయినా హుందాగా నవ్వుకోగల మనిషి. తమవాణ్ని చూసి నవ్వడం, తమవాడితో కలిసి నవ్వడం ఒకటి కావని షెరిడన్ ఆ పదకొండు రోజుల్లో నేర్చుకున్నాడు.

అవును, కాదు, అవును

ది రైవల్స్‌లో లిడియా అనే సంపన్న యువతి నవలలు చదివి చదివి, పేదవాడితో లేచిపోతేనే ప్రేమ అనుకుంటుంది. ఆమె కోసం కెప్టెన్ జాక్ అబ్సల్యూట్ తన హోదా దాచి, చిన్న ఉద్యోగిగా మారుపేరుతో వస్తాడు. ఇంతలో జాక్ తండ్రి కొడుక్కి బలవంతపు సంబంధం తెస్తాడు. తీరా చూస్తే ఆ సంబంధం లిడియాతోనే. పెద్దలు కుదిర్చిన పెళ్లీ పిల్లలు కోరుకున్న పెళ్లీ ఒకటే అయినా లిడియా ఒప్పుకోదు, తన ప్రేమకథ మామూలు సంబంధంగా తేలిపోయినందుకు మండిపడుతుంది. వరుడు అతడే కావచ్చు, కానీ ఎంచుకునే హక్కు తనది కాకుండా పోయిందన్నదే ఆమె గొడవ. నాటకం ఆ గొడవను చూసి నవ్విస్తూనే దానికి విలువిస్తుంది. లిడియా పిన్ని మిసెస్ మాలప్రాప్ పెద్ద పెద్ద మాటలు తప్పుగా వాడుతూ పాండిత్యం ఒలకబోస్తుంది. ఇంగ్లీషులో తప్పు మాట వాడకానికి ఆమె పేరే స్థిరపడిపోయింది. అలాంటి పాత్రను మాటకు మాట పెట్టి అనువదించలేం. సగం వచ్చిన సంస్కృతంతో సభలో నెగ్గుకొచ్చేవాళ్లను ఎరిగిన తెలుగువాడికి మాత్రం ఆమె ఎవరో చెప్పనక్కరలేదు.

అదే ఏడాది నవంబర్‌లో వచ్చిన ది డ్యుయెన్నా పాటలతో నిండిన హాస్యనాటకం. మొదటి సీజన్‌లోనే 75 సార్లు ఆడింది. కథ స్పెయిన్‌లోని సెవిల్‌లో జరుగుతుంది. డాన్ జెరోమ్ తన కూతురు లూయిసాను ఐజాక్ అనే డబ్బున్నవాడికి ఇవ్వాలనుకుంటాడు. లూయిసా మనసు ఆంటోనియో మీద ఉంది. ఆమెను కనిపెట్టుకుని ఉండే ముసలి సంరక్షకురాలు ప్రేమలేఖతో దొరికిపోయినట్టు నటిస్తుంది. జెరోమ్ కోపంతో ఆ ముసలామెను ఇంట్లోంచి గెంటేస్తాడు. ముసుగు కింద గడప దాటింది ముసలామె కాదు, లూయిసా. కూతురిని తండ్రే స్వయంగా వీధి తలుపు దాకా సాగనంపాడు. వధువు ముఖం ఎన్నడూ చూడని ఐజాక్, ఇంట్లో మిగిలిన ముసలామెనే లూయిసా అనుకుని కట్నం ఆశతో చేసుకుంటాడు. ఐజాక్ యూదు పుట్టుకను ఎగతాళి చేసే చోట్లు ఈనాడు చదివితే ముల్లులా గుచ్చుకుంటాయి. కానీ వధువును చూడకుండా డబ్బును పెళ్లాడేవాడికి డబ్బూ దక్కదు, వధువూ దక్కదన్న కథాసూత్రం మాత్రం ఇప్పటికీ చెల్లుతుంది.

ది డ్యుయెన్నా తెలుగులో రాగమంజరి అయింది, ది రైవల్స్ కల్యాణ కల్పవల్లి అయింది. ఈ పేర్లలో ఒక తెలివి ఉంది. ఇవి లండన్ నుంచి దిగిన పేర్లలా ఉండవు, పాత సంస్కృత నాటికల పేర్లలా వినిపిస్తాయి. వీరేశలింగం అభిజ్ఞాన శాకుంతలం, మాళవికాగ్నిమిత్రం, రత్నావళి కూడా తెలుగు చేశారు. ఆ నాటకాల్లో నాయికలు పసిపిల్లలు కారు. యుక్తవయసులో ప్రేమిస్తారు, కలత పడతారు, మాట తప్పినవాణ్ని నిలదీస్తారు. అంటే ఎదిగిన కథానాయిక మన సాహిత్యానికి పరాయిది కాదు. పరాయిది అయింది మన వీధికే. ఐరిష్ లిడియాను తీసుకొచ్చి శకుంతల పక్కన కూర్చోబెట్టడంలో, సంస్కారం పేరుతో సీమ అలవాట్లు దింపుతున్నారనే వాళ్లకు ఒక జవాబు దొరుకుతుంది.

వీధిలో జరిగిన పెళ్లి

రంగం మీద పెళ్లి ఎంత సరదాగా ఉన్నా, ఆయన వీధిలో చేసిన పెళ్లిళ్లలో సరదాకు చోటు లేదు. వితంతువుల పునర్వివాహానికి 1856లోనే చట్టం అనుమతించింది. గోదావరి జిల్లాలో పాతికేళ్ల పాటు ఆ చట్టం కాగితం మీదే ఉండిపోయింది. 1879 ఆగస్టులో వీరేశలింగం రాజమండ్రిలో దీనిపై తొలి ఉపన్యాసం ఇచ్చారు. ఊరు రెండుగా చీలింది. 1881 డిసెంబర్ 11 రాత్రి ఆయన ఇంట్లో మొదటి పెళ్లి జరిగింది. వరుడు గోగులపాటి శ్రీరాములు, వధువు పసితనంలోనే భర్తను పోగొట్టుకున్న గౌరమ్మ. బంధువులు వెలివేశారు. వంటవాళ్లు రాలేదు, నీళ్లు మోసేవాళ్లు రాలేదు. రాజ్యలక్ష్మమ్మ గోదావరి నుంచి నీళ్లు మోసి, పెళ్లివంట వండి వడ్డించారు. విద్యార్థులు కాపలా కాశారు. కాకినాడకు చెందిన పైడా రామకృష్ణయ్య డబ్బుసాయం చేశారు. డబ్బు, ధైర్యం, పోలీసు, పురోహితుడు అన్నీ కూడితే గానీ ఒక్క పెళ్లి జరగలేదు.

ఈ పెళ్లిళ్లలోనూ ఒక లోటుంది. గౌరమ్మ ఇంకా బాలికే. సంబంధం చూసింది, నిర్ణయించింది సంస్కర్తలే. ముందు ఆ పిల్లలను జీవితాంతపు చెర నుంచి బయటికి తీసుకురావాలి, ఎంచుకునే స్వేచ్ఛ తర్వాతి మాట. ఆనాటి పరిస్థితిలో అంతకంటే సాధ్యం కాదు. వీధిలో అందని ఆ తర్వాతి మెట్టు నాటకంలో అందింది. రాగమంజరి, కల్యాణ కల్పవల్లి చదివిన పాఠకుడికి తన ఇంట్లో ఎన్నడూ వినని సంగతి ఒకటి ఎదురవుతుంది. పెళ్లికూతురికీ ఒక అభిప్రాయం ఉంటుంది, కథ మొత్తం ఆ అభిప్రాయం చుట్టూ తిరుగుతుంది.

ఆ రోజుల్లో పెళ్లికూతుళ్ల వయసెంతో చెప్పే లెక్క ఒకటుంది. విజయనగరం మహారాజు చేయించిన వివరాల సేకరణలో, అప్పటి విశాఖపట్నం జిల్లాలో మూడేళ్లలో బ్రాహ్మణ కుటుంబాల్లో 1,034 కన్యాశుల్కపు పెళ్లిళ్లు తేలాయి. ఏడాది నిండీ నిండని పిల్లలు కూడా ఆ జాబితాలో ఉన్నారు. గురజాడ అప్పారావు తన కన్యాశుల్కం ముందుమాటలో ఈ లెక్క చెప్పారు. 1892లో తొలిసారి ఆడి, 1897లో అచ్చయిన ఆ నాటకంలోనూ డబ్బు మీద ఆశపడ్డ ముసలి లుబ్ధావధాన్లు ఆడవేషంలో ఉన్న కుర్రాణ్ని పెళ్లాడతాడు. సెవిల్‌లో ఐజాక్‌కు జరిగిందీ అలాంటి పరాభవమే. ఒకరిని చూసి ఒకరు రాశారని చెప్పనక్కరలేదు. పెళ్లి బేరమైనచోట మారువేషమే గట్టి విరుగుడని రెండు దేశాల హాస్యరచయితలూ ఎవరికి వారు కనిపెట్టుకున్నారు.

సరిహద్దు దాటిన పెళ్లిళ్లు

వీరేశలింగం జీవితం చివరిదాకా పనిలోనే గడిచింది. ఆంధ్ర కవుల చరిత్ర రాశారు, స్వీయచరిత్ర రాశారు. 1910లో రాజ్యలక్ష్మమ్మ పోయారు. ఆస్తిని హితకారిణి సమాజానికి ఇచ్చేశారు. 1919 మే 27న మద్రాసులో కన్నుమూశారు. అప్పటికి పదుల సంఖ్యలో వితంతు వివాహాలు ఆయన చేతుల మీదుగా జరిగాయి. బాల్యవివాహాలు మాత్రం ఆగలేదు.

ఆయన పోయిన పదేళ్లకు, 1929లో, శారదా చట్టం వచ్చింది. 1930 ఏప్రిల్ 1 నుంచి బ్రిటిషు ఇండియాలో పద్నాలుగేళ్లు నిండని ఆడపిల్లకు, పద్దెనిమిదేళ్లు నిండని మగపిల్లవాడికి పెళ్లి చేయడం నేరమైంది. కానీ కోరంగి పక్కనే యానాం ఉంది. పుదుచ్చేరి ఫ్రెంచి ప్రభుత్వానికి శారదా చట్టంతో పనిలేదు. గోదావరి జిల్లాల నుంచి పెళ్లిబృందాలు బళ్లు కట్టుకుని, పడవలెక్కి యానాంకు బారులు తీరాయి. పసిపిల్లలకు అక్కడ తాళి కట్టించి, మర్నాడు బ్రిటిషు నేల మీదికి తిరిగొచ్చారు. యానాంకు కల్యాణపురం అనే పేరు వచ్చింది. 1954లో ఫ్రెంచి పాలన ముగిసి, యానాం పుదుచ్చేరితో పాటు భారతదేశంలో కలిసినా ఆ పేరు జ్ఞాపకాల్లో మిగిలింది.

షెరిడన్ తాను ఎంచుకున్న అమ్మాయితో, ఆమె ఇష్టంతో, ఫ్రాన్స్‌కు సరిహద్దు దాటాడు. ఆ సాహసంలోని ఉత్సాహమే ఆయన నాటకాల్లో లేచిపోవాలని కలలు కనే లిడియాగా, ముసుగు కప్పుకుని గడప దాటే లూయిసాగా మారింది. గోదావరి ఒడ్డున కూడా ఫ్రెంచి సరిహద్దు దాటి పెళ్లిళ్లు జరిగాయి. అయితే అక్కడ పెద్దల నుంచి పిల్లలు పారిపోలేదు. పిల్లలకు ఇష్టాయిష్టాలు తెలిసే వయసు రాకముందే పెద్దలే వాళ్లను ఎత్తుకుని, చట్టం నుంచి పారిపోయారు.

వీరేశలింగం తెలుగు చేసిన షెరిడన్ నాటకాలు కన్యాశుల్కంలా తరతరాలకూ నిలిచిపోలేదు. వాటి గ్రాంథిక భాష నేటి పాఠకుడికి బరువుగానే ఉంటుంది. కానీ పెళ్లికూతురు కాదనే హక్కుతో పుట్టే నవ్వు ఎలా ఉంటుందో తెలుగువాళ్లకు చూపించిన మొదటి పుస్తకాల్లో అవి ఉన్నాయి. ఈనాడు తెలుగు ప్రేమ హాస్య సినిమాలో కథానాయిక పెళ్లిచూపుల్లోనే సంబంధం వద్దంటే హాలు నవ్వుతుంది. ఆ నవ్వు మనకు తేలిగ్గా వచ్చినట్టు కనిపిస్తుంది. ఒక తెలుగు ఊరు కల్యాణపురం అని పిలిపించుకున్న రోజులు గడిచి ఇంకా వందేళ్లు కాలేదు.